బావగారు ఓనరుతో మాట్లాడింది

సీతమ్మధార,
విశాఖపట్నం.

ప్రియమైన అక్కకి,

నీ తమ్ముడు శ్రీను నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అత్తయ్యగారు, బుజ్జి కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఉక్కపోతకి చొక్కా ఒంటికి అంటుకుపోతోంది. మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటుంది. అలవాటైపోయింది, పర్లేదు.

"మీ బావగారు నీ గురించి మీ ఓనరుతో మాట్లాడారట, చాలా సంతోషం" అని రాశావు. ఏం మాట్లాడారో నీకు తెలియాలి.

డిగ్రీ చదివేటప్పుడు మీ ఇంట్లో ఉన్నాను కదా. బావగారు ఓడ దిగి వస్తూ తెచ్చిన వీడియో గేమ్‌లో మంచుకొండల మీద బైకు పందెం ఉండేది. బుజ్జి అడిగాడని ఒకసారి ఆడబోతే, చుట్టాల ముందు నా చేతిలోంచి లాక్కుని, "నీలాంటోళ్ళు ముట్టుకునే వస్తువు కాదిది" అన్నారు. నువ్వు గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయావు.

ఆ ఆట టీవీకి తగిలించే ఆ వీడియో గేమ్ బాక్సులోనే ఆడాలి, మామూలుగా కంప్యూటర్‌లో రాదు. ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే కంప్యూటరే ఆ బాక్సులా పనిచేస్తుందని మా డీటీపీ సెంటర్‌లో నాతో పనిచేసే అప్పలరాజు చెప్పాడు. అతనిది యారాడ, నన్ను బావ అనే పిలుస్తాడు. ఆ ఆట డిస్కు కూడా అతనే ఎవరినో అడిగి తెచ్చాడు. భోజనాల వేళ నెల్లాళ్ళు దాంతో కుస్తీ పట్టాను. మొదట్లో బొమ్మ నత్తలా పాకేది, శబ్దం ముక్కలు ముక్కలుగా వచ్చేది. సెట్టింగులు మార్చగా మార్చగా ఒకరోజు బైకు జోరుగా పరిగెత్తింది. ఆఖరి పందెం కూడా గెలిచాను. "బావ, సాధించీసావ్" అన్నాడు అప్పలరాజు. నాకు మాత్రం బుజ్జి పక్కనుంటే బాగుండుననిపించింది.

తర్వాతి వారం బావగారి ఓడ పోర్టుకొచ్చింది. మధ్యాహ్నం సెంటర్‌కి వచ్చి, తెర మీద ఆట చూసి, "ఇది మనింట్లో గేమ్ కదా, ఇందులో ఎలా వచ్చింది?" అన్నారు. గర్వంగానే చెప్పాను. నా కుర్చీలో కూర్చుని గంటసేపు ఆడారు. మొదటి పందెమే దాటలేకపోయారు. అన్నం తిన్నావా అని కూడా నన్నడగలేదు. లేచి ఓనరు దగ్గరికెళ్ళి, "మీ కంప్యూటర్లో దొంగ గేములు ఎక్కిస్తున్నాడండీ. మావాడే అయినా చెప్పాలి కదా" అన్నారు.

ఓనరు నా వైపు తిరిగి, "ఏటి, పని మానేసి ఇదా సేత్తన్నావ్? ఇప్పుడే తీసీయ్" అన్నాడు. అందరూ చూస్తుండగా నా చేత్తోనే చెరిపేశాను. చెప్పకుండా వేయడం నా తప్పే, కాదనను. కానీ గంటసేపు ఆడి ఓడిపోయాకే బావగారికి ఆ తప్పు కనిపించింది.

మర్నాటి నుంచి నన్ను జిరాక్స్ మిషన్ దగ్గర నిలబెట్టారు. నా సీటు అప్పలరాజుకిచ్చారు. "బావ, ఈ సీటు నాను అడగనేదు" అన్నాడు పాపం, తలెత్తకుండా. మూడేళ్ళుగా పేజీలు దిద్దిన చేతులు ఇప్పుడు ఎవరెవరివో రేషన్ కార్డులు అద్దం మీద బోర్లిస్తున్నాయి.

ఇదీ ఆయన మాట్లాడింది. ఇంట్లో గొడవలొద్దు, నువ్వేమీ అడక్కు. అడగవని నాకూ తెలుసు.

వేరేచోట పని వెతుక్కుంటున్నాను, దొరుకుతుంది, భయం లేదు. నా సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపించు. ఈ ఏడు అటు రాను.

అత్తయ్యగారికి పాదాభివందనాలు. బుజ్జికి ముద్దులు. నన్ను దీవించు. బావగారికి నమస్కారాలు అని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను, అక్కా. చెయ్యి రాలేదు.

నీ తమ్ముడు,
శ్రీను