శుక్రవారం దాకా చెప్పకూడని మాట

జూన్ 9, సోమవారం

ఉంచుకుంటున్నారు. మా శ్రీనుని ఉంచుకుంటున్నారు. ఈ ఏడు కూడా ఆడతాడు. కెప్టెనుగానే ఆడతాడు.

పొద్దున్న ఆరింటికి ఫోను. పళ్ళు తోముకుంటున్నాను. నోట్లో నురగతోనే ఎత్తాను. "నాన్నా, మేనేజరు మాటిచ్చేడు. ఇంకో సీజను." నోరు కడుక్కోకుండానే ఏడ్చేశాను. లైను బాగాలేదనుకుని వాడు హలో హలో అంటున్నాడు.

ముప్పై ఆరేళ్ళు వాడికి. కబడ్డీలో ముప్పై ఆరంటే తాత కింద లెక్క. మోకాలికి ఆపరేషనై ఎనిమిది నెలలు. టీవీలో వాళ్ళూ, టీ కొట్టు దగ్గర వాళ్ళూ, అందరూ వాడి పని అయిపోయిందన్నారు. అయిపోలేదు. అయిపోలేదు. రెండుసార్లు రాశాను. రాస్తుంటే బావుంది.

చివర్లో గొంతు తగ్గించి — "ఎవరికీ చెప్పకు నాన్నా. శుక్రవారం సాయంత్రం లిస్టు బయటపెడతారు. అప్పటిదాకా అత్తకి కూడా చెప్పకు." ఆయ్ అన్నాను. ఆ సంతోషంలో ఏమడిగినా ఆయ్ అనేవాణ్ణే.

తొమ్మిదింటి బస్సుకి ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తెచ్చాను. పెద్ద పెట్టె. ఇరవై నాలుగు. బెల్లం, నెయ్యి. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే బస్సులో పక్కాయన "ఏదో శుభకార్యం లాగుందండీ" అన్నాడు. ఆయనకి ఒకటి ఇవ్వబోయి ఆగాను. ఎందుకంటే చెప్పాలి కదా.

ఇంటికొచ్చాక తెలిసింది నేను చేసిన పని. ఎవరికి పెడతాను ఇన్ని... చెప్పకుండా పెట్టలేను. చెప్పకూడదు. నాకు చూస్తే షుగరు. పెట్టె తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచాను.

మా ఆవిడ సత్యవతి ఫొటోకి మాత్రం చెప్పాను. ఆవిడకి చెప్తే బయటికి పోదు. బతికున్న రోజుల్లో అయితే పోయేది.

మధ్యాహ్నం చెల్లెలు మాణిక్యం క్యారేజీ తెచ్చింది. సత్యవతి పోయిన దగ్గర్నుంచి మూడేళ్ళుగా పక్క వీధిలోంచి రోజూ తెస్తుంది. మామిడికాయ పప్పు, చిన్న గిన్నెలో నెయ్యి. "పిల్లల సంగతి ఏమన్నా తెలిసిందా అన్నయ్యా?" "ఏం తెలీదమ్మా."

పిల్లలంటే ఇద్దరు. మా శ్రీను, దాని కొడుకు నాని. ఇద్దరూ ఒకే టీము.

చెల్లెలితో అబద్ధమాడాను. శుక్రవారం క్షమిస్తుందిలే, స్వీటు తింటూ.

జూన్ 10, మంగళవారం

టీ కొట్టుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

"ఏవండీ అప్పారావుగారూ, అబ్బాయి ఇంక ఊరొచ్చేసి తోట చూసుకోవచ్చు కదండీ." "ఆ మోకాలితో తోటేం చూస్తాడండీ, తోటే ఆయన్ని చూడాలి." నవ్వేరు. నేనూ నవ్వాను. మాట లోపల కదులుతూనే ఉంది, ఒలవని కొబ్బరికాయలో నీళ్ళలాగా. టీ సగం వదిలేసి వచ్చేశాను. ఇంకో నిమిషం కూర్చుంటే చెప్పేసేవాణ్ణి.

ఇంటికొచ్చి ఫోనులో పాత మ్యాచీ పెట్టుకున్నాను. ఎన్నిసార్లు చూశానో. ఆఖరి కూత, మన వాళ్ళు రెండు పాయింట్లు వెనక. వీడొక్కడు గీత దాటి అవతలికి. అటు ఏడుగురు. ఊపిరి బిగబట్టి, నడుం వంచి, కాలితో నేలని అలా తడుముతూ... ముగ్గురు మీద పడ్డారు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి మధ్యగీత మీద వేలు పెట్టాడు.

అరిచాను. అరిచి చూస్తే పక్కన ఎవరూ లేరు.

మ్యాచీలన్నీ సూర్రావు బావతో కలిసి చూస్తాను. మాణిక్యం మొగుడు. వాళ్ళింట్లో టీవీ ముందు, ఇద్దరం చాప మీద. శ్రీను కూతకెళ్తే ఆయన నా తొడ మీద చరుస్తాడు, తనది నొప్పెడుతుందని. రెండ్రోజులుగా వాళ్ళ గుమ్మం ఎక్కలేదు. ఎక్కితే నా మొహమే చెప్పేస్తుంది.

ఇంత సంతోషం ఒక్కడివల్ల అవదు. నలుగురు పట్టాలి.

అదే రోజు, దీపాల వేళ

నాని సంగతి అడగలేదు. నిన్నట్నుంచీ అడగలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

జూన్ 11, బుధవారం

అడిగాను. శ్రీనుకే ఫోను చేసి. "పర్సు చాలదు నాన్నా" అన్నాడు.

ఆటగాళ్ళందరికీ కలిపి ఇంతకంటే ఇవ్వకూడదని లీగు వాళ్ళు గీత గీశారట. అన్ని టీములకీ ఒకటే గీత. దాన్నే పర్సంటారు. ఓనరు ఎంత కలిగినవాడైనా గీత దాటకూడదు. శ్రీనుది పెద్ద జీతం. వాణ్ణి ఉంచుకోవాలంటే మరొకర్ని వదలాలి. ఇద్దరు కుర్రాళ్ళని వదులుతున్నారు. అందులో నాని ఒకడు. వదిలితే వేలానికి వెళ్తాడు. పోయినేడు ఎక్కువ బెంచీ మీదే కూర్చున్నాడు, వేలంలో ఎవరు తీసుకుంటారో తీసుకోరో. తీసుకోకపోతే ఇరవై నాలుగేళ్ళకే ఇంటికి.

"నాకూ బాధే నాన్నా" అన్నాడు. బాధే. గొంతులో ఉంది.

ఈ లెక్క నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. దింపు ముఠాలో బతికినవాణ్ణి. కొబ్బరి దింపితే రైతు చెట్టుకింత అని ఇస్తాడు. నలుగురెక్కినా ఐదుగురెక్కినా ఇచ్చేది అదే. ముసలాడొకడు ముఠాలో ఉన్నాడంటే తక్కినవాళ్ళ వాటా తరిగినట్టే. నాకు యాభై ఎనిమిదో ఏట మోకాలు పోయింది. అయినా ముఠా నన్ను వదల్లేదు. రెండేళ్ళు చెట్ల కింద కాయలు పోగేశాను, చెట్టెక్కినవాడితో సమానంగా వాటా ఇచ్చారు. మేస్త్రీ సూర్రావు బావే. "నీ చెయ్యి పడితే తోట కలిసొస్తాది బావా, నిన్నెలా వదులుతాం" అనేవాడు. ఆ మాట ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటాను.

నానికి పట్టు నేర్పింది శ్రీనే. వేసవిలో కాలవ కట్టేస్తే అడుగున ఇసక. మెత్తగా ఉంటుంది, పడ్డా దెబ్బ తగలదు. నేనే కొబ్బరి తాడు పరిచి గీతలు గీసేవాణ్ణి. నాని అప్పటికి పదేళ్ళవాడు. "బావా, కాలు పట్టేస్తున్నా" అని చెప్పి మరీ పట్టేవాడు. శ్రీను కావాలని పడిపోయేవాడు. వాడు లేచి కాలవ గట్టంతా పరిగెత్తి, మావయ్యా బావని పడేశానూ అని...

మాణిక్యం గుత్తి వంకాయ తెచ్చింది. నాకిష్టమని. మూత పెట్టి పక్కన పెట్టేశాను.

జూన్ 12, గురువారం

మాణిక్యానికి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. బియ్యం డబ్బా చెప్పింది.

తొలకరి ముందు ఏటా మా ఇంటి బియ్యంలో వేపాకు వేసేది అదే, పురుగు పట్టకుండా. ఇన్నేళ్ళుగా వేస్తోంది. నాకు ఆ డబ్బా తప్ప దాచడానికి చోటే దొరకలేదు. క్యారేజీ అరుగు మీద పెట్టి, కొంగులోంచి ఎండిన వేపాకు తీసి, మూత తీసింది.

"ఎవరికన్నయ్యా ఇన్ని?"

"ఊరికేనే. తినాలనిపించి."

"షుగరోడివి."

పెట్టె మీద తేదీ చూసింది. సోమవారంది. అక్కడే నేల మీద కూర్చుంది. ఒకటి తీసి, పొడి రాలకుండా కింద చెయ్యి పట్టి, మొత్తం తింది. నేను నిలబడే ఉన్నాను.

"శ్రీనుని ఉంచుకున్నారన్నమాట."

నేను పెట్టె మూత పెట్టబోయాను.

"సంతోషం అన్నయ్యా. నా మేనల్లుడు, నాకు సంతోషం కాదా." చేతి పొడి దులుపుకుని — "మా వాడు కూడా ఉంటే నువ్వు సోమవారమే పరిగెత్తుకొచ్చేవాడివి. పంచె ఊడినా చూసుకునేవాడివి కాదు."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను రాకపోవడంలోనే చదివేసుకుంది.

లేచి బియ్యంలో వేపాకు కలుపుతూ అంది, నా వైపు చూడకుండా — "ఏం చేస్తాం. పెద్దోణ్ణి ఉంచుకోవాలంటే ఎవరో ఒకరు తగ్గాలి. అప్పుడు నీ గురించి ఈయన తగ్గలేదా?"

"ఏం తగ్గేడు?"

"అదేంటన్నయ్యా. కింద పనికి సగం వాటాయే ఇస్తామన్నారు కదా ముఠా వాళ్ళు. రెండో సగం ఈయన వాటాలోంచి తీసి కలిపేవారు. రెండేళ్ళు. నీకు తెలుసనుకున్నాను."

తెలీదు. పదమూడేళ్ళుగా తెలీదు. నా చెయ్యి మంచిదనుకున్నాను.

ఆ రెండేళ్ళూ నాని బడికి చెప్పుల్లేకుండా వెళ్ళేవాడు. మాణిక్యం పిసినారిదని సత్యవతి, నేను నవ్వుకున్నాం కూడా.

అదే రోజు, నాలుగింటికి

శ్రీనుకి ఫోను చేసి మొత్తం చెప్పాను. వాటా సంగతి. చెప్పుల సంగతి. వాడు విన్నాడు. 

తరవాత వాడూ ఒకటి చెప్పాడు. ఇన్నాళ్ళూ చెప్పనిది.

"మేనేజరు నన్నూ అడిగేడు నాన్నా. నా జీతం మూడో వంతు తగ్గించుకుంటే నాని కూడా గీత లోపల పడతాడంట. రేపు మూడింటిలోగా చెప్పమన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఇదే ఆఖరి సీజను నాన్నా. దీని తరవాత నన్ను పిలిచి జీతం ఇచ్చేవాడెవడు? ఇంటి లోనుంది. పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. మోకాలు మళ్ళీ కొయ్యాలంటున్నారు."

వాడన్నదాంట్లో తప్పేముంది... ఒక్క ముక్క తప్పులేదు. పదహారేళ్ళు వాడి ఒళ్ళు వాడే విరగ్గొట్టుకుని సంపాదించుకున్నాడు.

"నన్ను తగ్గమంటావా?"

 అన్నం తిన్నావా అన్నాను. తిన్నానన్నాడు. పెట్టేశాడు.

జూన్ 13, శుక్రవారం

పొద్దున్న కాలవకి నీళ్ళొచ్చాయి. ఈ ఏడు ఆలస్యం. గట్టు మీద నిలబడి చూశాను. పిల్లలు ఆడుకున్న గీతలు ఇంకా ఉన్నాయి ఇసకలో. నీళ్ళు ముందు ఆ గీతల్లోనే పారాయి. తరవాత అంతా ఒకటే నీరు.

శ్రీను ఫోను కలవలేదు. నాలుగుసార్లు. గొంతు రికార్డు చేసి పంపాను. బొత్తాం నొక్కిపట్టుకుని మాట్లాడి వదిలెయ్యడమే మావయ్యా అని నాకు నేర్పింది నాని. ఏమన్నానో రాసి ఉంచుకుంటాను, తరవాత మార్చి చెప్పుకోకుండా —

"తగ్గరా శ్రీనూ. నా గురించి ఒకడు తగ్గాడు, నాకు చెప్పకుండా తగ్గాడు. నీ లోను నేను తీర్చలేను, అది నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. నువ్వు తగ్గకపోయినా నేను కోప్పడను. నిన్ను అడగలేదని మాత్రం నేను ఉండలేను."

 కొడుకు సంపాదనలో కోత పెట్టమన్న తండ్రిని నేనొక్కణ్ణేనేమో. నిన్నటిదాకా ఎంత సంతోషపడ్డాను. ఇప్పుడూ సంతోషమే... దాంట్లో కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

పదకొండున్నర

క్యారేజీ బావ తెచ్చాడు. ఇన్నేళ్ళలో ఇదే మొదలు. మాణిక్యానికి తలనొప్పట.

నేనే పెట్టె తెరిచి ముందు పెట్టాను. రెండు తిన్నాడు. నెయ్యి తక్కువైంది అన్నాడు. ఆయనకి ఎప్పుడూ తక్కువే.

"ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాను. ఏ సంగతని ఆయన అడగలేదు. మాణిక్యం చెప్పే ఉంటుంది.

"చెప్తే రోషానికి మళ్ళీ చెట్టెక్కేవాడివి. పడితే నిన్ను మోసుకెళ్ళాల్సింది నేనే కదా. దానికంటే సగం వాటా చవక."

అంతే. చేతులు కడుక్కున్నాడు. నాని గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో, మేనేజరు అడిగిందీ, నేను పంపిందీ. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆశ పెట్టి లాగేసుకుంటే...

గుమ్మం దగ్గర తిరిగి — "సాయంత్రం టీవీలో చెప్తారంట. ఒక్కడివీ ఇక్కడేం చూస్తావు. రా. చాప వేసి ఉంచుతాను."

చాప వేసి ఉంచుతాడట.

మూడున్నర

మూడింటికి పది నిమిషాలుండగా నేను పంపిన మాట కింద టిక్కులు నీలమయ్యాయి. విన్నాడు. జవాబు లేదు. ఫోను చేశాను, మోగింది, ఎత్తలేదు. మేనేజరుతో మాట్లాడుతున్నాడేమో. కోపమొచ్చిందేమో. ఈపాటికి ఏదో ఒకటి చెప్పేసి ఉంటాడు. అది నాకు తప్ప వాళ్ళందరికీ తెలుసు.

లిస్టు ఐదున్నరకి. ఈలోపు చెప్పాల్సినవాళ్ళ పేర్లు రాసుకుంటాను. కంగారులో ఒకర్ని మరిచిపోతే ఏడాదంతా మాట పడాలి.

పెద్దమ్మాయి, రావులపాలెం. తమ్ముడని ఏడుస్తుంది. ముందే మంచి కబురని చెప్పాలి.

కె.గంగవరం పిన్ని. చెవుడు. గట్టిగా, రెండుసార్లు.

శ్రీను మావగారు, రాజోలు. వాడు తగ్గితే ఆయనతో ఏం చెప్పాలో తెలీదు. ముందు కబురు ఒక్కటే.

మస్కట్‌లో తమ్ముడు. పనిలో ఉంటాడు. మెసేజీ చాలు.

సత్యవతి. సోమవారం సగమే చెప్పాను.

నాని. వాడే ముందు ఫోను చేస్తాడు, మావయ్యా బావ ఉన్నాడంట కదా అని. వాడు ఉన్నా చేస్తాడు, లేకపోయినా చేస్తాడు.

సూర్రావు బావ, మాణిక్యం. ఫోను కాదు. టీవీలో చెప్పకముందే నడిచి వెళ్ళాలి. పెట్టె తీసుకుని. ఇరవై ఒకటి మిగిలాయి. ఏ కబురైనా పెట్టెతోనే వెళ్ళాలి.