కల్పలత ఫారంలో ఆగిపోయిన గడి

సికింద్రాబాద్,
బుధవారం.

మేడం గారికి నమస్కారం.

కల్పలత ఫారం ఆలస్యం కావడం నా తప్పే. గడువు దాటిందని ఆమెను తీసేయకండి. మీ నాయకత్వ శిక్షణకు ఎంపికయ్యే ప్రతి ఒక్కరి గురించి ఒక క్లాస్‌మేట్ రాసివ్వాలన్నారు కదా, ఆమె నా పేరు చెప్పింది. తొమ్మిది రోజులుగా ఆ ఫారం నా బ్యాగులోనే ఉంది. నేనూ దరఖాస్తు పెట్టాను. మీ జాబితాలో నా పేరు లేదు.

అల్వాల్ నుంచి కాలేజీకి ఇంకో బస్సు కావాలని అర్జీ రాసింది నేను. డిపో మేనేజర్ ముందు మాట్లాడింది ఆమె. బస్సు వచ్చిన రోజు అమ్మాయిలంతా ఆమెకే చప్పట్లు కొట్టారు. "నేనేం జేసిన, రాసిందంతా గీమెనే" అని నన్ను ముందుకు తోసింది. అప్పటినుంచి ఆమెను చూస్తే నాకు కడుపు మండుతోంది. ఆమె మాత్రం ఆ బస్సులో రోజూ నాకు సీటు ఆపుతుంది.

"అభ్యర్థిలో ఒక లోపం" అన్న గడిలో ముందు "అహంకారం" అని రాసి కొట్టేశాను. ఆ కొట్టివేత మీకు కనిపిస్తుంది. చివరికి దాని కింద నిజమే రాశాను:

"మనుషుల్ని ఊరికే నమ్ముతుంది. ఈ ఫారం నాకిచ్చింది."

ఇట్లు,
ఆమె పక్క సీటు విద్యార్థిని