అనకాపల్లి బెల్లం

బర్మింగ్‌హామ్,
8 మే 2004

ఫణీంద్రకు,

పంచదార లేదని నువ్వు సర్టిఫికెట్ అడిగిన బెల్లం సున్నుండలను మా ల్యాబులో పరీక్షించాను. మేము మొదట స్వచ్ఛమైన పంచదార, గ్లూకోజు నమూనాలను యంత్రంలో నడిపి, ఏది ఏ నిమిషానికి బయటికి వస్తుందో చూసుకుంటాము. తర్వాత తిండి పదార్థాన్ని వాటితో పోలుస్తాము. నీ ఉండ సరిగ్గా పంచదార వచ్చే నిమిషానికే కాగితం మీద కొండంత గీత లేపింది. బెల్లంలో ఉండేది చాలావరకు ఆ పంచదారే.

ఫోనులో ఆ సంగతి చెబితే నవ్వావు. "అది తెల్లవాళ్ల పంచదార బావా! మన అనకాపల్లి బెల్లాన్ని దాంతో పోలుస్తావేంటి? బెల్లాన్నే నమూనాగా పెట్టు, సరిపోద్ది" అన్నావు. ఎందుకు సరిపోదు? నీ ఫొటోతో నిన్నే పోల్చి అందగాడివని కూడా రాసివ్వగలను.

డబ్బా మీద "పంచదార లేదు, షుగర్ ఉన్నవాళ్లకు ప్రత్యేకం" అని అచ్చు వేయించావు. అది నమ్మి, మా ఇంట్లో ఉంటున్న మీ అమ్మగారు రోజూ రెండేసి తిన్నారు. మొన్న ఇక్కడి క్లినిక్‌లో డాక్టరు షుగర్ మాత్రలు పెంచి, ఇన్సులిన్ తప్పదేమో అన్నాడు. "మా అబ్బాయి చేసినవి తప్ప తీపి ముట్టను డాక్టరు బాబూ" అని ఆవిడ గొప్పగా చెప్పారు. ఆ మాటను ఇంగ్లీషులో ఆయనకు చెప్పింది నేనే.

సర్టిఫికెట్ ఇవ్వను. లండన్ హౌన్స్‌లో పేటలోని నీ స్టాల్ మీంచి ఆ డబ్బాలు తీసెయ్యి. ఆవిడకు నిజం నువ్వే వచ్చి చెప్పు. నేను చెబితే నమ్మరు. ఇంట్లో మిగిలిన డబ్బా దాచేశాను. కొడుకు ప్రేమగా పంపినవి అల్లుడు మింగేశాడని ఆవిడ ఇప్పటికే ఫోనులో అందరికీ చెబుతున్నారు.

నీ బావ