లోయలో మిగిలిన స్కెల్‌రిగ్

తమ్ముడు ఇసాక్‌కు,

నేను కులాసాగానే ఉన్నాను. చిన్నాన్న మాత్రం మంగళవారం కన్నుమూశాడు, మన ఇంటిపేరు పుట్టిన ఈ స్కెల్‌రిగ్ ఇంట్లోనే. ఆఖరి ఘడియల్లో ఆయన పెద్దగా బాధపడలేదు.

శవపేటిక మోయాల్సింది మన ఇంటిపేరు మగవాళ్లే కదా. సీసం గని మూతపడ్డాక బర్న్‌లీ పట్నం బట్టల మిల్లులకు వెళ్లిపోయిన మీ అయిదుగురికీ ఆ రోజే కబురు రాశాను. చిరునామా మాత్రం ఇక్కడి అలవాటు ప్రకారమే రాసేశాను: మసిగడ్డం టామ్ కొడుకు ఇసాక్, కుంటి జాక్ మనవడు ఎల్డన్, అలాగ. లోయంతా స్కెల్‌రిగ్‌లే ఉన్న రోజుల్లో ఇంటిపేరు ఎవరు రాశారు గనక! శుక్రవారం దాకా మీకోసం చూశాను, చివరికి పక్క లోయవాళ్లు మోశారు. పూడ్చిన మూడో రోజున అయిదు ఉత్తరాలూ తిరిగొచ్చాయి.

"అంత పట్నంలో మీ నాన్న గడ్డం ఎవడికి తెలుస్తుందమ్మా?" అని పోస్టాఫీసు లాంబర్ట్ కసిరాడు.

నీ వీధి పేరు, ఇంటి నంబరు రాసుకున్న కాగితం ఇవాళ బైబిల్లో దొరికింది. మిగతా నలుగురివీ కనుక్కుని రాయి. చిన్నాన్న కుక్కను తీసుకెళ్తావా? అది తిండి ముట్టడం లేదు. చంటిదానికి దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్లు అల్లి ఉంచాను.

ఈ కార్డు కొనబోతే లాంబర్ట్ "ఏం కావాలి, మిస్ స్కెల్‌రిగ్?" అన్నాడు. యాభై ఏళ్లలో నన్నెవరూ అలా పిలవలేదు.

"మసిగడ్డం తబిత అనడానికి నోరు రాలేదా?" అన్నాను.

"ఈ లోయలో ఇంకో స్కెల్‌రిగ్ ఎవరు మిగిలారని, వేరే గుర్తు చెప్పి పిలవడానికి?" అన్నాడు.

మీ ఇంటిల్లిపాదినీ దేవుడు చల్లగా చూడాలి.

మీ అక్క,
తబిత స్కెల్‌రిగ్