కోడలికి డాబా, కొడుక్కి పొద్దుటి ఆకు

ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేసి రిటైరై, అందరిచేతా క్యాంటీనమ్మ అనిపించుకునే నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. నోరు కూడా బాగానే పనిచేస్తోందని ఇంట్లోవాళ్లు సాక్ష్యం చెబుతారు. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే అవి ఇక చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది.

1. నా స్వార్జితమైన ఇంటిలో కింది వాటా కూతురికి, పై వాటా కొడుక్కి సర్వహక్కులతో చెందుతాయి. ఇందులో పేచీ లేదు.

2. ఆపైనున్న డాబా, దాని మీది కుండీలు, నీళ్ల కుళాయి, నీడకు కట్టిన గుడ్డతో సహా నా కోడలికి చెందుతుంది. అక్కడ గది కట్టడానికి గానీ, అద్దెకివ్వడానికి గానీ మరెవరికీ హక్కు లేదు. నా కొడుకు టేపు పట్టుకుని కొలుస్తుంటే మెట్ల మీంచి చూశాను. నాయనా, ఆ టేపు లోపల పెట్టు.

కోడలికే ఎందుకంటే చెబుతాను. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చేనాటికి డాబా మీద విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు. పుదీనా కాడను గ్లాసుడు నీళ్లలో పెట్టి వేళ్లు రప్పించింది. ధనియాలు బద్దలయ్యేలా నలిపి చల్లి కొత్తిమీర మొలిపించింది. వాము ఆకు, నిమ్మగడ్డి, సోంపు, మెంతి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. కూరలో వేసేది కూరలో వేసి, దగ్గుకు కాచేది కాచి ఇస్తుంటే, నా క్యాంటీన్ అనుభవమంతా ఆమె ముందు దిగదుడుపే అనిపించింది.

నిరుడు జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వాసన తెలియకుండా పోయింది. ఒకరోజు స్టవ్ మంట ఆరిపోయి గ్యాసు వంటగదంతా నిండుతున్నా, అక్కడే నిలబడి ఆకు తరుగుతోంది. నేనే పరిగెత్తుకెళ్లి కట్టేశాను. అప్పటినుంచి నా కొడుకు ఆమెను వంటింట్లోకి రానివ్వలేదు. "వాసనే తెలియనప్పుడు ఈ ఆకులెందుకమ్మా, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు. భయంతోనే అన్నాడని తెలుసు. అయినా పెళ్లాన్ని కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడతాడా అని నాకు ఒళ్లు మండింది.

ఆమె మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. కళ్లు మూసుకుని వేళ్లతోనే ఆకుల్ని గుర్తుపట్టడం నేర్చుకుంది. వాము ఆకు మందంగా నూగునూగుగా ఉంటుంది, పుదీనా గరుకు, నిమ్మగడ్డి అంచు వేలిని కోస్తుంది. నాకు రొంప పట్టినప్పుడు వాము ఆకు మరిగించమని నాకే పురమాయించి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. ప్రాణం లేచొచ్చింది. శభాష్ అమ్మాయ్! ఎదుట ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు స్టాంపు కాగితం మీద అంటున్నాను.

3. గ్యాసు లీకైతే మోగే పరికరం నా డబ్బుతో కొని వంటింట్లో బిగించాను. అది పనిచేస్తున్నంతకాలం కోడల్ని స్టవ్ దగ్గరికి రావద్దనే అధికారం ఎవరికీ లేదు. కొడుకు మూతి ముడుచుకుంటే ముడుచుకోనీ.

4. నా చిన్న రాతి రోలు కూతురికి. నర్సుగా మాత్రలు మింగించి మింగించి దానికి ఆకు మందంటే చులకన. సోంపు దంచుకోవడానికైనా వాడుకోవే తల్లీ. మిరపకాయలు మాత్రం దంచకు, ఆ ఘాటు రాయిని ఒక పట్టాన వదలదు.

5. పక్కింటి పంతులమ్మకు ఒక పుదీనా కుండీ. పిట్టగోడ మీంచి చెయ్యి చాపి తుంచుకుని, గాలికి విరిగిందని చెబుతుంటుంది. ఏ గాలీ అంత నీటుగా కణుపు పైన తుంచదు. సాక్షి సంతకం పెడతానని ఉబలాటపడింది గానీ, ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షిగా ఉండకూడదని వకీలుగారు చెప్పగానే పుదీనాయే కావాలంది.

6. నా కొడుక్కి అన్నిటికంటే విలువైనది రాస్తున్నాను. పోయిన వాసన మళ్లీ వస్తుందేమోనని రోజూ పొద్దున కోడల్ని డాబా మీదికి పిలిచి, కళ్లు మూసుకోమని, ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టి ఏమిటని అడుగుతాను. ముట్టుకోనివ్వను. "ఏమీ లేదత్తయ్యా" అంటుంది. మర్నాడు మళ్లీ అదే మాట. నన్ను సంతోషపెట్టడానికైనా ఒక్కసారీ "తెలిసింది" అని అబద్ధమాడలేదు. ఆ పిల్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మొన్న నిమ్మగడ్డి పెడితే మళ్లీ మళ్లీ పీల్చి చూసి, "ఏదో ఉందత్తయ్యా, ఏమిటో చెప్పలేను" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె ఆకు పేరు చెప్పేదాకా నేను ఉంటానో ఉండనో. నేను పోయిన మర్నాటి నుంచి ఆ పని నా కొడుకుది. ఆకు మార్చి మార్చి పెట్టాలి. పేరు అందించకూడదు, విసుక్కోకూడదు, ఆఫీసుకు ఆలస్యమవుతోందని గొణగకూడదు. ఆమె ఆకు పేరు సరిగ్గా చెప్పిన రోజున, ఒరే నాన్నా, ఆ ఆకు తెచ్చి నా ఫోటో దగ్గర పెట్టకు. కూరలో వేస్తుందో టీలో వేస్తుందో ఆమె ఇష్టం. ఆమె చేతికే ఇచ్చి, వంటింటి గుమ్మంలోంచి పక్కకు జరుగు.

ఇదంతా చదివించుకుని విని, సరేననుకున్నాక సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: మార్చి పదకొండు, ఆదివారం ఉదయం

(సంతకం) క్యాంటీనమ్మ

సాక్షులు:
1. వీధి మొదట్లో మందుల షాపాయన
2. ఎదురింటి దర్జీ