ప్రతి ఆదివారం వెళ్తాను

విజయవాడ,
మంగళవారం, 1974.

రూతక్కకు నీ చెల్లి వందనాలు.

పామర్రులో మీరంతా క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే గానీ కుదురుగా లేను. ఈ ఉత్తరం బావగారికి వినిపించకు.

వన్ టౌన్‌లో సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకు వెళ్తున్నాను కదా. ఇప్పుడు సింపుల్ ప్రెజెంట్ నడుస్తోంది. మాస్టారు మన రోజువారీ అలవాట్లు చెప్పమంటారు. "మై ఫాదర్ డ్రింక్స్ కాఫీ" అన్నాను నేను. శౌరయ్య అని ఒకతను, ఆర్సీఎం వాళ్లు, ప్రతి ఆదివారం తమ క్యాథలిక్ గుడిలో పూజకు వెళ్తానన్నాడు. నేను మన చర్చి పేరు చెప్పి, అక్కడికి వెళ్తానన్నాను. మర్నాడు అతను లేచి, తనూ ప్రతి ఆదివారం అక్కడికే వెళ్తానన్నాడు.

"నిన్నటి అలవాటు ఏమైందయ్యా?" అన్నారు మాస్టారు. క్లాసంతా ఒకటే నవ్వు.

మొన్న ఆదివారం నిజంగానే వచ్చాడక్కా. వచ్చినవాడు ఊరుకోకుండా, వాళ్ల గుడిలోలాగే గుమ్మంలో మోకాలు వంచి సిలువ గుర్తు వేసుకున్నాడు. మన చర్చిలో అలా ఎవరు చేస్తారు? ఆడవాళ్ల వైపూ మగవాళ్ల వైపూ తలలన్నీ తిరిగాయి. నేను పాటల పుస్తకంలో మొహం దాచుకుని నవ్వాపుకోలేక చచ్చాను.

ఇంటికొచ్చాక నాన్న అడిగారు, "ఎవరమ్మా ఆ ఆర్సీఎం కుర్రాడు?"

"నాకేం తెలుసు నాన్నా" అన్నాను.

నాన్న కాఫీ అంతా తాగి, గ్లాసు నా చేతికిచ్చారు.

"ఈ వారం వస్తే నా పక్కన కూర్చోమని చెప్పు. పాపం, పాటల పుస్తకం కూడా లేదు."

అక్కా, శనివారానికల్లా వచ్చెయ్. అతని పక్కన నాన్న ఉంటారు. నా పక్కన నువ్వుండాలి.