టీ పెట్టడానికి వెళ్ళిన సేనాధిపతి

కీత్‌లీ, అక్టోబరు 1974

గౌరవనీయులు టిండల్ గారికి, సిరిల్ ఆడీ నమస్కరించి రాయునది.

మీరు రాసిన నియమాల పుస్తకం ప్రకారమే మా క్లబ్బులో ప్రతి శనివారం సీసపు సైనికులతో బల్ల మీద పాతకాలపు యుద్ధాలు ఆడుతుంటాం. ఒక్క సందేహం. ‘సేనాధిపతి కనబడకపోతే సైన్యం కదలరాదు’ అన్నారు. సేనాధిపతి అంటే బల్ల మీది బొమ్మా, దాన్ని ఆడించే మనిషా? మొన్న ఒక ఆటగాడు వంటగదిలోకి వెళ్ళాడు. సేనాధిపతి కనబడటం లేదు కాబట్టి అతని సైన్యం కదలదని, అతను వచ్చేలోపు రెండో ఆటగాడు తన గుర్రపుదళంతో బల్లంతా ఊడ్చేశాడు. చెల్లుతుందని ఒక్క ముక్క రాస్తే చాలు.

విధేయుడు
సిరిల్ ఆడీ

తా.క. అతను వెళ్ళింది టీ పెట్టడానికి. ఇద్దరికీ.

కెండల్

ప్రియమైన ఆడీ గారికి,

బొమ్మేనండీ. మనిషని బుద్ధున్నవాడెవడూ అనుకోడు. మీ ఉత్తరం చదివి కడుపు తరుక్కుపోయింది. పేరు దాచి రాసినా, మోసపోయింది మీరేనని కనిపెట్టాను. ఆ రెండోవాడి పేరు పంపండి, నా మాసపత్రికలో దులిపేస్తాను.

మీ శ్రేయోభిలాషి
ఆంబ్రోజ్ టిండల్

తా.క. ఆ టీ అయినా వాడికివ్వలేదు కదా?

కీత్‌లీ

టిండల్ గారికి,

ఆ రెండోవాణ్ణి నేనే. సిగ్గుతో చచ్చిపోతూ రాస్తున్నాను. టీ పెట్టింది విల్ఫ్ సగ్డెన్, బడి రోజుల నుంచీ నా స్నేహితుడు. అతని మీద నేనెప్పుడూ గెలవలేదు. గెలుపు చేతికందేసరికి ఒళ్ళు తెలియలేదు. అతను వచ్చి బల్ల చూసి, ‘సరేలే సిరిల్, రూలంటే రూలే’ అన్నాడు. బొమ్మలు డబ్బాలో సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ క్లబ్బు గడప తొక్కలేదు. నియమంలో ‘మనిషి’ అని చేర్చి నన్ను గట్టెక్కించలేరా?

తలవంచుకుని
సిరిల్

తా.క. టీ తాగాను. రెండు కప్పులూ.

కెండల్

ఆడీ గారికి,

కుదరదు. నియమం మార్చినా మీ సిగ్గు పోదు. వెళ్ళి అతని తలుపు తట్టండి.

టిండల్

తా.క. మీ రెండో ఉత్తరం అందేలోపే, మోసపోయిన అమాయకుడు మీరేనని పత్రికలో వేసేశాను. జాలిపడి పాఠకురాలొకావిడ మీకు అల్లం కేకు పంపిందట.

కీత్‌లీ

టిండల్ గారికి,

ఆ కేకు నేను ముట్టుకోలేదు. దాన్నే పట్టుకుని విల్ఫ్ ఇంటికెళ్ళాను. తప్పయిందని నేననేలోపే, అతను నేలచూపులు చూస్తూ స్వెటర్ జేబులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టాడు. చూస్తే అతని సేనాధిపతి బొమ్మ. ఆ రోజు విరిగిన కత్తి అతికిద్దామని జేబులో వేసుకుని, ఆ సంగతే మరిచి టీ పెట్టడానికి వెళ్ళాడట.

‘నువ్వన్నదే కరెక్టురా. మా సేనాధిపతి బల్ల మీద లేనే లేడు. ఇంటికొచ్చాక చూసుకున్నా. ఏ మొహం పెట్టుకుని క్లబ్బుకి రాను?’ అన్నాడు.

అంటే బొమ్మయినా మనిషైనా గెలుపు నాదే. అది నాకొద్దన్నాను. తనకీ వద్దన్నాడు. అందుకని మళ్ళీ మొదట్నుంచి ఆడుతున్నాం.

మీ
సిరిల్

తా.క. ఈసారి టీ పెట్టడానికి నేను వెళ్ళాను. తిరిగొచ్చేసరికి విల్ఫ్ ఒక్క బొమ్మనీ కదపలేదు. పడిపోయిన నా గుర్రాన్ని మాత్రం లేపి నిలబెట్టాడు. అప్పుడు వేసింది నాకు అసలు సిగ్గు.